క్వార్టర్ అంటే ఆరు డ్రింకులు: పల్లె ఆసుపత్రిలో మద్యం గురించి, దిగులు గురించి అడిగే పద్ధతి

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే ఒకాయన శనివారం కూలి చేతికందగానే ఒక క్వార్టర్ తాగుతాడనుకుందాం. మిగతా ఆరు రోజులూ ముట్టడు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య వివరాల ఫారంలో మద్యం గురించి ఒకటే ప్రశ్న ఉంటుంది: రోజూ తాగుతారా? ఆయన లేదంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఫారంలో సున్నా పడుతుంది, అక్కడితో ఆ సంగతి ముగిసిపోతుంది.

అదే మనిషిని, మద్యం అలవాటును కొలిచే ఆడిట్-సీ పరీక్షలోని మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఎన్నాళ్లకోసారి తాగుతారు? వారానికోసారి, అంటే నెలకు నాలుగుసార్లు: 2 మార్కులు. తాగిన రోజు ఎన్ని డ్రింకులు? ఆరు: 2 మార్కులు. ఒకే పూట ఆరు గానీ అంతకు మించి గానీ ఎన్నాళ్లకోసారి? వారం వారం: 3 మార్కులు. మొత్తం 7. మగవాళ్లకు 4, ఆడవాళ్లకు 3 దాటక్కర్లేదు, చేరితే చాలు, ఇంకాస్త లోతుగా అడగాలి. సున్నా వచ్చినాయనా, ఏడు వచ్చినాయనా ఒక్కరే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రెండో ప్రశ్నను పుస్తకంలో ఉన్నట్టే "ఎన్ని డ్రింకులు" అని అడిగితే ఆయన "ఒక్కటే" అంటాడు. ఆయన లెక్కలో క్వార్టర్ అంటే ఒకటి. అలా రాసుకుంటే 2, 0, 0 వచ్చి మొత్తం 2 అవుతుంది. పరీక్ష మంచిదే, అడిగిన కొలత మాత్రం ఆయనది కాదు. పీహెచ్‌సీలో మద్యం స్క్రీనింగ్ విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. అందుకని అడిగేవాళ్ల బల్ల మీద ముందు ఉండాల్సింది ప్రశ్నాపత్రం కాదు, కొలతల చీటీ.

మన దేశంలో ఒక డ్రింకు అంటే 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. బ్రాందీ, విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 180 మిల్లీలీటర్లలో అది 77 మిల్లీలీటర్లు, బరువులో చూస్తే 61 గ్రాముల దాకా. అంటే ఆరు డ్రింకులు. 90 మిల్లీలీటర్లయితే మూడు. 650 మిల్లీలీటర్ల బీరు సీసా 5 శాతందైతే రెండున్నర, స్ట్రాంగ్ బీరు 8 శాతందైతే నాలుగు. "నేను మందు ముట్టను, బీరు మాత్రమే" అనేవాళ్లు రెండు స్ట్రాంగ్ బీర్లు తాగితే క్వార్టర్ దాటిపోయినట్టే. కల్లుకు ఇలా లెక్క కట్టలేం. చెట్టు నుంచి దించిన పూటకూ సాయంత్రానికీ పులుపు మారుతుంది, పులుపుతో పాటు బలమూ మారుతుంది. నాటుసారాకు సీసా మీద కాగితమే ఉండదు. ఈ రెంటికీ డ్రింకులు లెక్కపెట్టే బదులు ఎన్ని రోజులు తాగారు, తాగాక ఏం జరిగింది అని అడగడం మేలు.

మాట దగ్గర కూడా జాగ్రత్త పడాలి. ఓపీలో "మందు వేసుకుంటున్నారా?" అని అడిగితే బీపీ మాత్ర గురించో, బ్రాందీ గురించో తెలియదు. "మందు మానేశాను సార్" అన్న జవాబును తాగుడు మానేశాడని రాసుకుంటే, అసలు ఆయన ఆపేసింది బీపీ మాత్ర కావచ్చు. వేసుకునేదాన్ని మాత్ర అనాలి. తాగేదాన్ని పేరు పెట్టి బ్రాందీ, బీరు, కల్లు అనాలి.

ఎవరు అడగాలి, ఎక్కడ అడగాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మద్యం ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా అంగడికి అడ్డం పడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. ఆ పోరాటం అంగడిని మూయించింది, ఇల్లు గడవని ఆడవాళ్లకు గొంతునిచ్చింది. అప్పటికే అలవాటు ముదిరి ఒళ్లు వణుకుతున్న మనిషికి వైద్యం చేయడం మాత్రం ఆసుపత్రి పని. ఆ పని ఇప్పటికీ సగంలోనే ఉంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. మద్యం వల్ల రుగ్మత ఉన్నవాళ్లలో దాదాపు 86 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది.

ఆ చరిత్ర వల్ల ఇక్కడ తాగుడు గురించిన ప్రశ్న వినగానే తప్పు ఒప్పుకోమన్నట్టు ఉంటుంది. ఆశా కార్యకర్త అదే వీధి మనిషి, చాలాచోట్ల భార్య ఉన్న పొదుపు సంఘంలోనే సభ్యురాలు. ఇంటి అరుగు మీద, భార్య వింటుండగా, పిల్లల ముందు ఆమె అడిగితే ఏ మగవాడైనా లేదనే అంటాడు. తప్పు ఆశాది కాదు, ఆయనదీ కాదు. అడిగిన చోటు అలాంటిది.

బీపీ, సుగర్ చూసే కుర్చీ ఇందుకు చాలా అనువైన చోటు. బీపీ పట్టీ చుడుతుండగా ఆ మనిషి ఎలాగూ రెండు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. బీపీ తగ్గకపోవడానికి మద్యం నిజంగానే ఒక కారణం కాబట్టి ప్రశ్నకు సాకు వెతకనక్కర్లేదు. "అన్నా, మాత్ర వేసుకుంటున్నా బీపీ దిగలేదంటే కారణం చూడాలి. ఇక్కడికి వచ్చిన అందర్నీ అడుగుతున్నాం" అని మొదలుపెడితే చాలు. తర్వాత కాఫీ, టీ, వక్కాకు, బీడీ, చుట్ట, ముక్కుపొడి, ఖైనీ. ఆ వరుసలోనే బ్రాందీ, బీరు, కల్లు. ఆఖర్న నిద్రమాత్రలు, గంజాయి. తేలికైనవాటితో మొదలైతే బరువైనవాటి దగ్గర నోరు పెగులుతుంది. "తాగుతారా?" కంటే "ఆఖరిసారి ఎప్పుడు తీసుకున్నారు?" అనేది మంచి ప్రశ్న. మొదటిది మనిషి గుణం అడిగినట్టు ఉంటుంది, రెండోది తేదీ అడుగుతుంది.

వెంట వచ్చినవాళ్లను ఆ రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాలి. ఓపీ రిజిస్టరులో అందరికీ కనిపించేలా "ఆల్కహాలిక్" అని రాయకూడదు, మార్కు ఒక్కటి వేస్తే సరిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. ఊళ్లో ఒక్కసారి మాట బయటికి పొక్కితే ఆ తర్వాత నిజం చెప్పేవాళ్లు దొరకరు.

ఆడవాళ్లను అడగకుండా వదిలేయడం ఇంకో లోపం. "మీ ఆయన తాగుతాడా?" అని అడిగి ఊరుకుంటారు. ముక్కుపొడి, పొగాకు నమలడం, రాత్రి వేసుకునే నిద్రమాత్ర వాళ్లనే అడిగితే బయటపడతాయి.

మార్కు వచ్చాక చేసే పని

మూడు ప్రశ్నల్లో మార్కు పైకి వస్తే మిగతా ఏడు ప్రశ్నలు కూడా అడిగి పది ప్రశ్నల ఆడిట్ పూర్తి చేయాలి. మొత్తం 40 మార్కులు. 8 నుంచి 15 అయితే అక్కడికక్కడే సలహా. 16 నుంచి 19 అయితే సలహాతో పాటు కౌన్సెలింగ్, మళ్లీ మళ్లీ పిలిచి చూడటం. 20 గానీ అంతకు మించి గానీ అయితే వ్యసనం ముదిరిందేమో మానసిక వైద్యుడు చూడాలి.

సలహా అంటే ఉపన్యాసం కాదు. ఐదు నుంచి పది నిమిషాల పని. మొదట ఆయన మార్కు ఆయనకే చూపించి దానికీ ఆయన ఒంటికీ ఉన్న లంకె చెప్పాలి: బీపీ 160 దగ్గర ఆగిపోవడం, సుగర్ మాత్ర వేసుకుని అన్నం తినకుండా తాగితే సుగర్ పడిపోయి కళ్లు తిరగడం, టీబీ మాత్రలు మింగుతూ తాగితే కాలేయం దెబ్బతినడం. తర్వాత ఆయన నోటితోనే ఒక కారణం చెప్పించాలి. కూతురి ఫీజో, బండి మీంచి పడటమో, ఏదైనా సరే. ఆఖర్న ఒక చిన్న ఒప్పందం. క్వారీ కూలీ విషయంలో ఆ ఒప్పందం క్వార్టర్‌ను 90కి దించడం కావచ్చు. అప్పుడు ఆడిట్-సీలో 2, 1, 0 వచ్చి ఏడు కాస్తా మూడవుతుంది. పూర్తిగా మానేస్తేనే గెలుపు అని పట్టుబడితే ఆ మూడు కూడా దక్కదు. వ్యసనం ముదరనివాళ్లకే ఈ లెక్క. 20కి చేరినవాళ్లకు, కాలేయం చెడినవాళ్లకు, గర్భిణులకు తగ్గించడం చాలదు, మానాల్సిందే.

ఇది డాక్టరు మాత్రమే చేయగల పని అనుకుంటే పొరపాటు. గోవాలో జరిగిన ప్రీమియం అధ్యయనంలో మానసిక వైద్యంలో డిగ్రీలు లేని, ఈ పనికి శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు పీహెచ్‌సీల్లోనే ఈ పని చేశారు. ఆడిట్ 12 నుంచి 19 మధ్య ఉన్న మగవాళ్లలో మూడు నెలల తర్వాత మార్కు 8 లోపు దిగినవాళ్లు 36 శాతం. ఆ కౌన్సెలింగ్ లేనివాళ్లలో 26 శాతం. పెద్ద అద్భుతమేమీ కాదు. కానీ ఒక పీహెచ్‌సీకి ఏడాదిలో వచ్చే జనాన్ని తలుచుకుంటే చిన్నదీ కాదు. గ్రామ ఆరోగ్య క్లినిక్‌లో ఉండే మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త, అంటే ఎంఎల్‌హెచ్‌పీ ఈ పనికి సరిగ్గా సరిపోతారు.

ఒక్కసారిగా ఆపితే

20కి చేరినవాళ్లను "రేపటి నుంచి మానెయ్" అని పంపేయడం ప్రమాదం. ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి గడియ వేయడమూ అంతే. రోజూ ఎక్కువ తాగేవాడు ఆపిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక నాలుగో రోజు లోపు మనిషిని గుర్తుపట్టకపోవడం, లేని పురుగులు కనిపించడం, జ్వరం వస్తే అది డెలీరియం. ప్రాణం పోయే స్థితి. ఇంట్లో గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించే సమయం కూడా సరిగ్గా ఇదే.

2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో, కొవిడ్ కట్టడితో మద్యం దుకాణాలు మూతపడి ఉండగా, శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. దుకాణం మూసే ముందే, అది లేకపోతే బతకలేని స్థితిలో ఎవరున్నారో ఊరి క్లినిక్‌కు తెలిసి ఉండాలి. ఆ జాబితా అప్పటికప్పుడు తయారయ్యేది కాదు.

మనవైపు దీన్ని పసిగట్టడానికి చక్కటి ప్రశ్న ఒకటుంది. తాగే అలవాటున్నవాళ్లలో చాలామంది అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ముట్టకుండా ఉంటారు. "మాల వేసుకున్నప్పుడు మొదటి మూడు రోజులు ఎలా గడిచాయి?" అని అడిగితే రెండు సంగతులు తెలుస్తాయి. ఏమీ కాలేదంటే శరీరం ఇంకా బానిస కాలేదు, మనసుకు నిబ్బరం ఉంది. ఆ 41 రోజులనే పట్టుకుని మాట్లాడొచ్చు. చేతులు వణికాయి, నిద్ర లేదు, ఫిట్స్ వచ్చాయి అంటే ఈసారి మానడం వైద్యుడి చేతుల్లో జరగాలి. గతంలో ఫిట్స్ గానీ డెలీరియం గానీ వచ్చినవాళ్లను ఇంటి దగ్గర మాన్పించకూడదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, అక్కడికే పంపాలి.

పీహెచ్‌సీలో మొదటి గంటలో జరిగే ఒక పొరపాటు గురించి గట్టిగా చెప్పాలి. నీరసంగా వచ్చిన మనిషికి వెంటనే గ్లూకోజు సీసా ఎక్కించడం మనకు అలవాటు. ఏళ్ల తరబడి తాగి, సరిగ్గా తినని ఒంట్లో థయమిన్ (బి1 విటమిన్) అడుగంటి ఉంటుంది. గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి వెర్నికీ అనే మెదడు జబ్బు రావచ్చు: కళ్లు నిలవకపోవడం, అడుగు తడబడటం, మతిమరుపు. ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజు. తేలికపాటి స్థితిలో థయమిన్ మాత్ర రోజుకు 100 మిల్లీగ్రాములు 5 రోజులు చాలు. తిండి లేక చిక్కిపోయినవాళ్లకు సూది మందే కావాలి. వణుకుకు డయాజిపాం, 3 నుంచి 7 రోజుల్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపేయాలి. కామెర్లుంటే లొరాజిపాం మేలు.

దిగులు, గాభరా

మనసు బాగోలేదని చెప్పుకుంటూ పీహెచ్‌సీకి వచ్చేవాళ్లు తక్కువ. ఒళ్లంతా మంటలు, తల తిమ్మిరి, గ్యాస్, గుండెదడ, నీరసం, నిద్ర పట్టకపోవడం అంటారు. మూడోసారి కూడా అదే నొప్పితో వచ్చి, పరీక్షల్లో ఏమీ తేలనివాళ్లను తప్పకుండా అడగాలి.

పీహెచ్‌క్యూ-2 అనేది దిగులును పసిగట్టే చిన్న పరీక్ష, అందులో రెండే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా నిస్పృహగా ఉండటం. సీబ్యాక్ ఫారంలోనూ ఇవి ఉన్నాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 3 వస్తే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9కి వెళ్లాలి. "సగానికంటే ఎక్కువ రోజులు" లాంటి జవాబులు మన నోట రావు. "పద్నాలుగు రోజుల్లో ఎన్ని రోజులు?" అని అడిగి మార్కు మనమే వేసుకోవాలి: ఒకరోజు దాకా 0, రెండు నుంచి ఆరు 1, ఏడు నుంచి పదకొండు 2, పన్నెండు, ఆపైన 3. ఆసక్తి అన్న మాట కూడా గాల్లో తేలుతుంది. "ఇదివరకు ఇష్టంగా చేసిన పని, చూసిన సీరియల్, వండిన కూర ఇప్పుడు ఎందుకులే అనిపిస్తోందా అమ్మా?" అంటే అర్థమవుతుంది.

స్క్రీనింగ్ మార్కు రోగనిర్ధారణ కాదు. లెక్క కోసం వంద మంది ఓపీలో పది మందికి డిప్రెషన్ ఉందనుకుందాం. పరీక్ష ఆ పదిలో ఎనిమిది మందిని పట్టుకుంటుందని, జబ్బు లేని తొంభైలో తొమ్మిది మందిని పొరపాటున పట్టుకుంటుందని అనుకుందాం. పట్టుబడ్డ పదిహేడు మందిలో తొమ్మిది మందికి జబ్బు లేనట్టే. మార్కు చూసి మాత్ర రాసేస్తే సగం మందికి పైగా అక్కర్లేని మాత్ర మింగుతారు. అందుకే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, సుగర్ చూడాలి. ఇంట్లో చావు జరిగి నెలైనా కాలేదా అని అడగాలి.

ప్రకాశం జిల్లాలో ఇంకొకటి అడగాలి: పొగాకు పని. తడి ఆకు కొట్టేవాళ్లకు, మోసేవాళ్లకు చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి వెళ్లి వాంతులు, తల తిరుగుడు, గుండెదడ, నిద్రలేమి వస్తాయి. పచ్చాకు జబ్బు ఇది. ఒకటి రెండు రోజులు పనికి దూరంగా ఉంటే తగ్గిపోతుంది. దాన్ని గాభరా జబ్బుగా రాసి మత్తునిచ్చే అల్‌ప్రజోలం ఇస్తే లేని అలవాటు కొత్తగా అంటించినట్టే. బ్యారన్‌లో, అంటే పొగాకు కాల్చే కొట్టంలో, సీజన్లో రాత్రంతా మంట కాచేవాళ్లకు నిద్ర లేదంటే ముందు డ్యూటీ వేళలు అడగాలి.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచన గురించి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడి దాన్ని దాటేసేవాళ్లున్నారు. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. చాలామందికి అది మొదటిసారి ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. మొత్తం మార్కు నాలుగే వచ్చినా తొమ్మిదో దానికి సున్నా కాకపోతే ఆ మనిషిని అలా పంపకూడదు. ఎలా చేద్దామనుకున్నారు, ఎప్పుడు, ఇంతకుముందు ప్రయత్నించారా అని అడగాలి. సేద్యం చేసే ఇంట్లో పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు మంచం కిందో అటక మీదో ఉంటాయి. ఆ రోజే నమ్మకమైన ఒకరిని పిలిపించి వాటిని ఇంట్లోంచి తీయించాలి. "కేసవుతుందేమో" అని ఇంటివాళ్లు దాచిపెడుతుంటే, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోందని వాళ్లకు చెప్పాలి.

మాత్రలు మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న తప్పనిసరి. "ఎప్పుడైనా వారం రోజుల పాటు నిద్ర అక్కర్లేకుండా, విపరీతమైన హుషారుగా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతూ ఉన్నారా?" అవునంటే బైపోలార్ కావచ్చు, డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం రేగవచ్చు. అది లేదని తేలితే ఎస్సిటలోప్రాం 10 మిల్లీగ్రాములో, ఫ్లూయోక్సెటిన్ 20 మిల్లీగ్రాములో. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదటి వారం వికారం ఉండొచ్చని ముందే చెప్పకపోతే నాలుగో రోజున మాత్ర చెత్తబుట్టలో పడుతుంది. అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రికి రాసి డిప్రెషన్‌కు వైద్యం చేశామనుకోవడం మామూలైపోయింది. ఆ మోతాదు నిద్రకు, నరాల నొప్పికి పనికొస్తుంది, డిప్రెషన్‌కు చాలదు.

గంజాయి విషయంలో కుర్రాళ్లకున్న భయం పోలీసులది. వైద్యానికి తానుగా ముందుకొచ్చిన వ్యసనపరుడికి మత్తుమందులపై వచ్చిన 1985 ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. ఆసుపత్రిలో చెప్పింది ఠాణాకు చేరదన్న నమ్మకం కలిగితేనే వాళ్లు నోరు విప్పుతారు.

చీటీ రాసి పంపడం

ఉదయగిరి వైపు ఊరి నుంచి నెల్లూరుకో, కనిగిరి వైపు నుంచి ఒంగోలుకో పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఇద్దరి బస్సు చార్జీ అవుతుంది. రెఫరల్ చీటీ చేతిలో పెట్టడంతో పని అయిపోయిందనుకుంటే ఆ చీటీ జేబులోనే మాసిపోతుంది. క్లినిక్‌లో ఉండగానే మానసిక సాయం అందించే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ కలిపి, సొంతంగా మాట్లాడే ఏకాంతం ఇచ్చి, పక్కన కాసేపు కూర్చోవడం చాలా తేలిక. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తున్న ఈ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు మందులకు 14446, పొగాకు మానడానికి 1800-11-2356.

అడగడం మొదలుపెట్టే ముందే క్లినిక్‌లో నాలుగు సిద్ధంగా ఉండాలి: స్టోరులో థయమిన్, డయాజిపాం, ఎస్సిటలోప్రాం మందులు; తలుపు వేసుకోగల ఒక గది; పంపాల్సిన విభాగం ఓపీ రోజుల వివరం; మళ్లీ చూసే తేదీ రాసుకునే పుస్తకం. ఇవి లేకుండా వందమందిని అడిగి, తొమ్మిదో ప్రశ్నకు అవునన్నవాళ్లను చేతులూపుకుంటూ ఇంటికి పంపడం కంటే, ఇవి సమకూరేదాకా బీపీ, సుగర్, టీబీ రోగులనూ బాలింతలనూ మాత్రమే అడగడం న్యాయం. 104 వాహనం ఊరికి వచ్చే రోజుకు ఆ పుస్తకంలోని పేర్లు ముందే ఏఎన్‌ఎం చేతిలో ఉండాలి. రానివాళ్లకు ఆ సాయంత్రమే ఫోన్ చేయాలి. ఫోన్‌లో జబ్బు పేరు ఎత్తకూడదు, "బీపీ చూపించుకోలేదేం నాయనా, రేపు ఒకసారి రా" అంటే చాలు.